పాత ఇంటికి వైద్యం: ఏది ముందు, ఏది వెనుక?



ఆరోగ్యం అనగానే మనకు మందులు, పరీక్షలు, ఆహారం, నడక గుర్తుకు వస్తాయి. రోజులో సగానికి పైగా మనల్ని తన కడుపులో దాచుకునే ఇల్లు మాత్రం గుర్తుకు రాదు. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో జ్వరమనీ, ఆయాసమనీ, వడదెబ్బ అనీ కేసు షీట్లలో నేను రాసిన వ్యాధుల్లో కొన్నింటికి మూలం రోగి శరీరంలో కాక, అతని ఇంటి పైకప్పులోనో, మూసిన కిటికీలోనో ఉండేదని చాలా ఆలస్యంగా గ్రహించాను. అందుకే ఈసారి మన ప్రాంతపు ఇళ్ల చరిత్రను వైద్యుని కళ్లతో చూసి, పాత ఇంటిని బాగుచేసుకోదలచిన వారు ఏ పని ముందు చేయాలో, దేన్ని వెనక్కు నెట్టవచ్చో వివరించే ప్రయత్నం చేస్తాను.

రెండు మరణాలు, ఒకే ప్రశ్న

1970ల చివర, నేను సర్వీసులో చేరిన కొత్తలో, సంక్రాంతికి కొద్దిరోజుల ముందు ఒక తెల్లవారుజామున వృద్ధ దంపతులను ఎడ్లబండి మీద ఆసుపత్రికి తెచ్చారు. అవ్వ అప్పటికే కన్నుమూసింది. తాత స్పృహలో లేడు. ఒంటి మీద గాయం లేదు, పాము కాటు గుర్తు లేదు, పురుగుల మందు వాసన లేదు. వెంట వచ్చిన కొడుకును ఏం జరిగిందని అడిగితే, "సలి బాగ వెడుతుందని అర్రల కుంపటి వెట్టుకున్నరు సారూ. గవాచిల గుడ్డలు కుక్కినం, తలుపు సందుల గోనెసంచి దోపినం" అన్నాడు. తల్లిదండ్రులు చలికి వణకకూడదని ప్రేమతో చేసిన పని అది. ఆ ప్రేమే మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడును నింపింది. తాత ఆక్సిజన్ మీద కోలుకున్నాడు. కోలుకొని మొదట అడిగింది అవ్వ గురించే.

రెండవ మరణం 2015 మే నెలలోనిది. అప్పటికి నేను పదవీ విరమణ చేసి కరణ్‌కోటలో స్థిరపడ్డాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల, నా కంటే కొద్దిగా పెద్దవాడైన ఒక మిత్రుడు ఉండేవాడు. పిల్లలు పాత మిద్దెను కూల్చి స్లాబు ఇల్లు కట్టించి, పైఅంతస్తులో ఆయనకు మంచి గది ఇచ్చారు. ఆయన ఆ ఎండలో బయట తిరగలేదు, పొలానికి పోలేదు. రాత్రి పదకొండు గంటలకు, మంచం మీద, తిరుగుతున్న ఫ్యాను కింద స్పృహ తప్పాడు. నేను వెళ్లి ఒంటి మీద చేయి వేస్తే పొయ్యి మీది పెనంలా కాలుతోంది. దారిలోనే ప్రాణం పోయింది.

ఒకరు చలికాలంలో, ఒకరు ఎండాకాలంలో. ఒకటి పాత ఇల్లు, ఒకటి కొత్త ఇల్లు. అయినా రెండు మరణాల్లోనూ ప్రశ్న ఒక్కటే. ఇంట్లోకి వేడిని, చలిని, గాలిని ఎంత రానివ్వాలి, ఎంత ఆపాలి? ఈ ప్రశ్నకు మన పెద్దలు ఒక జవాబు చెప్పారు. ఆ తరువాతి కాలం దాన్ని మార్చింది. ఆ మార్పులో మనకు దక్కినదేమిటో, పోయినదేమిటో చూద్దాం.

మట్టి మిద్దెకు తెలిసిన విద్య

మన తెలంగాణ పల్లెల్లో పాత ఇళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గూన పెంకుల ఇల్లు, రెండవది మట్టి మిద్దె. మిద్దెకు మూరెడుకు మించిన మందం గల మట్టి గోడలు లేదా మట్టితో పేర్చిన రాతి గోడలు ఉండేవి. పైన దూలాలు, వాటి మీద వాసాలు, వాటి మీద చెక్కలో, కర్రలో, బండలో పరచి, ఆపైన జానెడు మట్టి పోసి దిమ్మిసతో గట్టిపరిచేవారు. వర్షాకాలానికి ముందు ఏటేటా పైన మట్టి మెత్తడం, గోడలకు సున్నం వేయడం, నేలను పేడతో అలకడం ఆ ఇంటికి చేసే సేవ.

ఆ మందపు మట్టి చేసే పని ఏమిటి? మధ్యాహ్నపు ఎండ వేడి దానిలో మెల్లగా ఇంకుతుంది. లోపలి వైపుకు చేరడానికి మందాన్ని బట్టి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. అప్పటికి రాత్రి సగం గడిచిపోతుంది, బయటి గాలి చల్లబడుతుంది. తెల్లవారే వరకు ఆ చల్లగాలి తగిలిన గోడ మరునాటి ఎండను ఎదుర్కోవడానికి మళ్లీ సిద్ధమవుతుంది. చలికాలంలో ఇదే లక్షణం పగటి వెచ్చదనాన్ని రాత్రికి దాచిపెడుతుంది. నిఘంటువులో ఉష్ణ నిరోధం అనే మాట చేరక ముందే మన తాపీ పనివారికి దాని ఫలితం తెలుసు.

ఆ ఇంట్లో రెండవ విద్య గవాచి. మిద్దె కప్పులో వదిలిన చిన్న రంధ్రం అది. వెలుతురు అక్కడి నుంచే వచ్చేది, పొయ్యి పొగ అక్కడి నుంచే పోయేది. వాన వస్తే కుండ పెంకో, బండో బోర్లించేవారు.

పాత ఇల్లు స్వర్గమేమీ కాదని కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో కిటికీలు లేవు. దొంగల భయమో, చలి భయమో, ఆడవారి మరుగో కారణం. చీకటి గదులు, కట్టెల పొగ, మూలల్లో ఎలుకలు, గడ్డి కప్పిన కొట్టం ఇంటిని ఆనుకుని ఉండటం సామాన్యం. వేడిని ఆపే విద్యలో ఆ ఇల్లు పండితురాలు. గాలి విషయంలో మాత్రం వెనుకబడిన విద్యార్థి.

ప్లేగు, పట్టాలు, నాపరాళ్లు

1874లో నిజాం రాజ్యపు రైలుమార్గం వాడి నుంచి సికింద్రాబాదుకు మన తాండూరు, వికారాబాదుల మీదుగా వచ్చింది. కాగ్నా నది పరిసరాల్లోని సున్నపురాతి పొరలు పలకలు పలకలుగా ఊడివస్తాయి. ఒకే రాతి పట్టీకి చెందిన ఆ పలకలను కొందరు షాబాదు బండలంటారు, మనం తాండూరు నాపరాళ్లంటాం. రైలు పట్టాల మీద ఆ బండలు దూరప్రాంతాలకు ప్రయాణించాయి. మన దగ్గర మాత్రం అవి నేలకే పరిమితం కాలేదు. గోడగా నిలిచాయి, అరుగుగా కూర్చున్నాయి, కప్పుగా పడుకున్నాయి. కప్పు మీద బండ పరచి, దాని మీద మట్టి, సున్నపు గచ్చు వేసినంత కాలం లోపల చల్లగానే ఉండేది. మట్టి తీసేసి బండను మాత్రమే ఎండకు వదిలేసిన ఇళ్లలో సాయంత్రానికి కప్పు సెగలు కక్కేది. రాయి వేడిని బాగా ప్రసరింపజేసే పదార్థం. దాని మీది మట్టే అసలు కవచం.

రైలు సరుకునే కాదు, వ్యాధులను కూడా మోసింది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దక్కనంతటా వ్యాపించి, 1911లో హైదరాబాదు నగరాన్ని వణికించింది. ఆ మరుసటి ఏడాది, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, గాలి వెలుతురు వచ్చే ఇళ్ల వరుసలు, విశాలమైన వీధులు వేయడం దాని పని. ఎలుకల మీది కీటకాల ద్వారా ప్లేగు సోకుతుందని అప్పటికి రుజువైంది. ఎలుకకు చోటివ్వని నేల, చీకటి లేని గది, ఎదురెదురు కిటికీలు అవసరమన్న ఆలోచన మన ప్రాంతపు ప్రభుత్వ విధానంలోకి ఆ విధంగా ప్రవేశించింది.

ఇదే ఆలోచన ఐరోపాలో అంతకు ముందే బలపడింది. 1858లో జర్మనీ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ గదిలోని గాలి చెడిందో లేదో బొగ్గుపులుసు వాయువు మోతాదును బట్టి తెలుసుకోవచ్చని చెప్పాడు. వేయి పాళ్లలో ఒక పాలు మించకూడదన్న ఆయన హద్దును ఇంజినీర్లు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ మరుసటి ఏడాదే ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగు పుస్తకంలో రోగికి చలి తగలనివ్వకుండానే గది గాలిని బయటి గాలి అంత స్వచ్ఛంగా ఉంచడమే నర్సు మొదటి ధర్మమని బోధించింది. ఆ ధర్మంలో రెండు షరతులున్నాయి. గాలి రావాలి, చలి తగలకూడదు. ఈ రెండింటినీ ఒకేసారి సాధించడమే పాత ఇంటి మరమ్మతులోని కిటుకంతా.

అనంతగిరి గాలి

మన జిల్లాలో గాలి చరిత్రకు ఒక సజీవ సాక్ష్యం ఉంది. వికారాబాదు పక్కన, మూసీ నది పుట్టే అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో క్షయ శానిటోరియం వెలసింది. అడవి గాలి, ఎత్తైన కప్పులు, తెరిచిన కిటికీలు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం అప్పటి చికిత్స. రాయలసీమ వైపు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచే ఈ మార్గంలో నడిచింది. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నా, దాన్ని చంపే మందు 1940ల వరకు లేదు. ఆ అరవై ఏళ్లు రోగికి వైద్యుడు ఇవ్వగలిగినది ప్రధానంగా గాలి, తిండి, ఓపిక.

మందులు వచ్చాక కథ మలుపు తిరిగింది. మద్రాసులో 1956లో మొదలైన ప్రసిద్ధ అధ్యయనం కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరికి వారి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి పోల్చి చూసింది. 1959లో వెలువడిన ఫలితాలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. ఇంటి వద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. ఆ నాటి నుంచి క్షయ వైద్యం కొండ దిగి ఇంటికి వచ్చింది.

అయితే ఆ ఫలితాన్ని మనం సగమే అర్థం చేసుకున్నాం. గాలితో పని లేదని మద్రాసు అధ్యయనం చెప్పలేదు. మందు సక్రమంగా వేసుకుంటే రోగిని కొండల మీదికి పంపనక్కరలేదని చెప్పింది. మందు మొదలయ్యే ముందు, రోగం బయటపడని నెలల్లో, దగ్గే మనిషి ఏ గదిలో పడుకున్నాడు, ఆ గదిలో గాలి మారుతోందా అన్నది ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ ముఖ్యమే. చికిత్స ఇంటికి వచ్చిందంటే, ఇల్లే ఆసుపత్రి వార్డు అయిందని అర్థం. వార్డుకు ఉండవలసిన కిటికీ ఆ ఇంటికి కూడా ఉండాలి.

సిమెంటు యుగం

1920లలో హైదరాబాదు రాజ్యంలోని షాబాదులో సిమెంటు కర్మాగారం మొదలైంది. 1980లలో మా కరణ్‌కోటలో ప్రభుత్వరంగ సంస్థ అయిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వచ్చింది. ఏ సున్నపురాయి మా తాతల ఇంటి కప్పు అయిందో, అదే రాయి బట్టీలో కాలి మా పిల్లల ఇంటి స్లాబుకు సిమెంటు అయింది. సిమెంటును నేను తప్పుపట్టను. దాని వల్ల కురవని కప్పు, ఎలుక తవ్వలేని నేల, చెద పట్టని గోడ సామాన్యునికి అందాయి. వానాకాలంలో మట్టి మిద్దె కూలి నిద్రలోనే సమాధి అయిన కుటుంబాల వార్తలు ఎరిగిన వారెవరూ స్లాబును తేలికగా తీసిపారేయలేరు.

కాని స్లాబు మందం అయిదంగుళాల లోపే. కాంక్రీటు మట్టి కంటే సుమారు రెండింతలు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ సాయంత్రం అయిదారు గంటలకే లోపలి వైపుకు చేరి, అర్ధరాత్రి దాకా మన మంచం మీదికి సెగలు కక్కుతుంది. ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన తరువాత ఫ్యాను గాలి శరీరాన్ని చల్లబరచదు, మరింత వేడెక్కిస్తుంది. పగలు ఎండకు అలసిన గుండె, మూత్రపిండాలు రాత్రి చల్లదనంలో కోలుకోవాలి. ఆ విరామం దొరకకపోతే మూడు నాలుగు రోజుల్లో వృద్ధుల శరీరం చేతులెత్తేస్తుంది. 2015 మేలో నా మిత్రునికి జరిగింది ఇదే. ఆ ఏడు వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వేయికి పైగా ప్రాణాలు పోయాయి. 2003లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అటువంటి నష్టాన్నే చూసింది. మృతులందరూ ఎండలో పనిచేసిన వారే అని మనం అనుకుంటాం. ఇంట్లో మంచం మీద పోయిన వారిలో ఎందరిది వడదెబ్బగా నమోదవుతుందో ఆలోచించండి.

ఈ అనుభవాల నుంచే ప్రభుత్వాలు ఇంటి కప్పు వైపు చూడటం మొదలుపెట్టాయి. అహ్మదాబాదు నగరం 2010 నాటి వడగాలుల తరువాత 2013లో వేడి కార్యాచరణ ప్రణాళికను తెచ్చింది. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొరను పరచి చూశారు. ఆ ఇళ్లలో ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అయిదేళ్ల చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది దాని లక్ష్యం. ఏటేటా మిద్దెకు సున్నం కొట్టిన మన అవ్వలు ఈ విధానాన్ని చూస్తే చిరునవ్వు నవ్వేవారు.

చలి దేశాలు నేర్చుకున్న వరుస

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఇంగ్లండు, అమెరికా, కెనడాలలో ఉన్నారు. అక్కడ పాత ఇల్లు కొన్నవారు ఫోను చేసినప్పుడల్లా గోడల్లో దూది వంటి పొర నింపించడం, కిటికీ సందులు మూయించడం, హీటరు మార్పించడం గురించి చెబుతుంటారు. వాళ్ల సమస్య చలి, మన సమస్య ప్రధానంగా ఎండ. అయినా ఏది ముందు అన్న విషయంలో వాళ్ల చరిత్ర మనకు పనికివస్తుంది.

లండనులో శతాబ్దాలపాటు ఇల్లు చల్లగా ఉంటే బొగ్గు ఎక్కువ కాల్చడమే మందు. 1952 డిసెంబరులో ఆ పొగ మంచుతో కలిసి అయిదు రోజులు నగరం మీద కమ్ముకుంది. అప్పటి లెక్కల ప్రకారమే నాలుగు వేల మంది చనిపోయారు. దాని ఫలితంగా 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. 1973లో చమురు ధర మండిపోయాక పాశ్చాత్య దేశాలు ఇళ్లలోని సందులన్నీ బిగించడం మొదలుపెట్టాయి. కొన్నిచోట్ల అతిగా బిగించారు. గోడలకు బూజు, లోపలివారికి తలనొప్పి, ఆయాసం మొదలయ్యాయి. మా ఆసుపత్రికి వచ్చిన వృద్ధ దంపతుల గదికీ, ఆ భవనాలకూ ఉన్న పోలిక మీకు కనిపించే ఉంటుంది.

న్యూజీలాండ్‌లో ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరీక్షించారు. 1350 పేద కుటుంబాల పాత ఇళ్లను ఎంచుకుని, సగం ఇళ్లకు ముందుగా ఉష్ణ నిరోధక పొర వేయించి, మిగతా వాటితో పోల్చారు. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం గది వెచ్చదనం పెరిగింది కొద్దిగానే. అయినా పిల్లికూతలు, జలుబులు, బడికి ఎగనామాలు స్పష్టంగా తగ్గాయి. ఆ మరుసటి ఏడాది అదే బృందం, అప్పటికే పొర వేసిన ఇళ్లలో ఉబ్బసం పిల్లల కోసం పొగరాని మంచి హీటర్లు పెట్టి మరింత మేలు చూపింది. ఈ వరుసను గమనించండి. ముందు కప్పు, గోడ. తరువాత యంత్రం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన గృహ ఆరోగ్య మార్గదర్శకాలు కూడా చలికాలంలో గది 18 డిగ్రీలకు తగ్గకుండా చూడాలనీ, ఇళ్లకు ఉష్ణ నిరోధకం వేయాలనీ సూచించాయి.

మన ఇంటికి మందుచీటీ

ఏ వైద్యుడైనా చికిత్సకు ముందు రోగనిర్ధారణ చేస్తాడు. ఒక చవకైన గోడ థర్మామీటరు కొని, వృద్ధులు పడుకునే గదిలో తగిలించండి. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు గంటలకు, రాత్రి పది గంటలకు, చలికాలంలో తెల్లవారుజామున అయిదు గంటలకు వారం రోజులు అంకెలు రాసుకోండి. రాత్రి పదింటి అంకె పగటి అంకెకు దగ్గరగా ఉంటే దోషం కప్పుదే. ఆ తరువాత ఈ వరుసలో పని మొదలుపెట్టండి.

1. ప్రాణం తీసేవాటిని ముందు తొలగించండి. దీనికి డబ్బు అక్కరలేదు. మూసిన గదిలో కుంపటి వద్దు, రగులుతున్న బొగ్గు వద్దు, నిద్రపోయేటప్పుడు అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే ముందు బయటి గాలిలోకి తేవాలి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు కూడా ఇంతే ప్రమాదకరం. 1999లో దీపం పథకంతోనూ, 2016లో ఉజ్జ్వలతోనూ గ్యాసు పొయ్యిలు వచ్చినా, నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి ఇంకా ఇంట్లోనే ఉంటే దాన్ని చూరు బయటికి మార్చండి.

2. నీటిని ఆపండి. కురిసే కప్పుకు ఏ పొర వేసినా వ్యర్థమే. తడిసిన పొర వేడిని ఆపలేదు, చలినీ ఆపలేదు. తేమ గోడకు బూజు పడుతుంది, బూజు ఉబ్బసాన్ని రేపుతుంది. పగుళ్లు పూడ్చడం, కప్పు మీద నీరు నిలవకుండా వాలు సరిచేయడం, గోడ అడుగున నీరు చేరకుండా కాలువ తీయడం మొదటి ఖర్చు. పాత మట్టి మిద్దె అయితే దూలాలు చెద తిన్నాయేమో చూపించుకోకుండా పైన మళ్లీ మళ్లీ మట్టి మోపవద్దు. ఆ బరువే వానాకాలంలో ప్రాణాంతకమవుతుంది.

3. కప్పును ఎండ నుంచి కాపాడండి. మన ప్రాంతంలో వేసవి వేడిలో పెద్ద భాగం కప్పు నుంచే లోపలికి వస్తుంది. చేతిలో తక్కువ డబ్బుంటే వేసవికి ముందు స్లాబుకు చిక్కని సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గాని వేయండి. దుమ్ము పడితే దాని గుణం తగ్గుతుంది. కర్మాగారాలు, బండల పాలిషింగ్ యూనిట్లు ఉన్న మన ఊళ్లలో ఏటేటా కడిగి, మళ్లీ వేయడం అవసరం. కొంచెం డబ్బుంటే తెల్ల పెంకుల గచ్చు వేయించండి. ఇంకా ఉంటే స్లాబు పైన థర్మాకోల్ వంటి నిరోధక పలకలు పరచి, వాటి మీద గచ్చు వేయించండి. రెండంగుళాల అటువంటి పలక వేడిని ఆపడంలో సుమారు రెండు మీటర్ల మందపు కాంక్రీటుతో సమానం. తెల్లరంగు చలికాలపు ఎండను కూడా తిప్పికొడుతుంది కాబట్టి గది ఆ కాలంలో కొద్దిగా చల్లబడుతుంది. నిరోధక పొరకు ఆ లోపం లేదు, అది రెండు కాలాల్లోనూ కాపాడుతుంది. పాత సిమెంటు రేకుల ఇళ్లవారు రేకులను కోయడం, రంధ్రాలు చేయడం, పొడిగా గీకడం చేయకండి. వాటిలోని రాతినార ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడిపి, మెల్లగా శుభ్రం చేసి, పైన తెల్లరంగు వేయించండి.

4. పడమటి ఎండకు బయటే అడ్డుకట్ట వేయండి. కిటికీ లోపలి పరదా వేడి లోపలికి వచ్చాక దాన్ని దాస్తుంది. బయటి చూరు, తడక, పందిరి, వేపచెట్టు వేడిని గడప దాటనివ్వవు.

5. సందులు మూయండి, గాలి దారులు మూయకండి. ఈ రెండింటికీ తేడా ఉంది. తలుపు కింది ఖాళీ, వంకరపోయిన రెక్క మధ్య సందు, పగిలిన అద్దం మనం కోరని దారులు. మన జిల్లాలో చలిగాలుల రోజుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అటువంటి రాత్రుల్లో మంచానికి తగిలే ఈ సందులను గుడ్డ చుట్టో, రబ్బరు పట్టీతోనో బిగించండి. కప్పుకు దగ్గరగా ఉన్న వెంటిలేటరును మాత్రం తెరిచే ఉంచండి. వేసవిలో పగలు కిటికీలు మూసి, రాత్రి ఎదురెదురుగా తెరవండి. ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దగ్గుతుంటే ఏ కాలమైనా కిటికీ తెరవండి, కఫం పరీక్ష చేయించండి.

6. యంత్రాన్ని చివర కొనండి. చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. ముందు ఏసీ వస్తుంది, దాని కరెంటు బిల్లు చూసి భయపడి దాన్ని ఆపేస్తారు. మండే కప్పు కింద ఏసీ పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. కప్పు చల్లబడ్డాక చాలా ఇళ్లకు ఫ్యాను, కూలరు సరిపోతాయి. కూలరుకు ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే గది తడి బట్టలా ఉక్కపోస్తుంది. చలికి పెద్దవారికి మందపు రగ్గు, తలకు మఫ్లరు, కాళ్లకు సాక్సులు హీటరు కంటే ముందు అవసరం.

డబ్బు అందరికీ ఒకేలా ఉండదు. ఇల్లంతా బాగుచేయలేకపోతే ఒక్క గదిని ఎంచుకోండి. అది ఇంట్లో అందరికంటే ముసలివారిదో, పసిబిడ్డ తల్లిదో కావాలి. ఆ గది పైఅంతస్తులో ఉంటే కిందికి మార్చండి. అందుకు పైసా ఖర్చు కాదు. నా మిత్రుని మంచాన్ని ఆ వారం కింది వరండాలోకి మార్చి ఉంటే ఎలా ఉండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను. నాలుగిళ్ల అవతలే ఉండి, రోజూ పలకరించి, వైద్యుణ్ణయి ఉండి కూడా ఆయన ఏ గదిలో పడుకుంటున్నాడని ఒక్కనాడూ అడగలేదు.

అందుకే ఇప్పుడు నా దగ్గరకు సలహాకు వచ్చే ప్రతి వృద్ధుని బీపీ చూశాక, షుగరు అడిగాక, మరొక ప్రశ్న వేస్తాను. "తాతా, నువ్వు పండుకునే అర్ర మీద కప్పు ఏంది? గాలి ఎటు నుంచి వస్తది?" ఈ వ్యాసం చదివిన మీరు కూడా ఈ రోజు మీ ఇంట్లోని పెద్దవారిని ఆ ప్రశ్న అడగండి. జవాబు వినడమే కాదు, రాత్రి పది గంటలకు ఆ గదిలోకి వెళ్లి అయిదు నిమిషాలు కూర్చోండి. ఏ పని ముందు చేయాలో ఆ గదే మీకు చెబుతుంది.

ఆరోగ్యమస్తు.